ముందు ఇంజనీరమ్మ ఎక్కాలి

మా ఆవిడకి పిచ్చి. ఈ మాట నేనంటే ఊళ్లో ఎవరూ ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే పోనీ, కాపురం చేసేది వాళ్లా నేనా? అనకాపల్లి చుట్టుపక్కల మొట్టమొదట ఇంజనీరింగు చదివిన ఆడపిల్ల మా సూర్యకళేనని ఏటా ఎవరో ఒకరు పిలుస్తారు, దండ వేస్తారు, శాలువా కప్పుతారు. ఆ శాలువాలన్నీ మడిచి బీరువాలో కుక్కేది నేను. నా పేరు ఈశ్వరరావు. ఆ పేరుతో నన్ను పిలిచేది బ్యాంకు వాళ్లు మాత్రమే. మిగతా ఊరందరికీ నేను ఇంజనీరమ్మ గారి మొగుణ్ణి. సైకిలుకి గాలి కొట్టించుకోడానికి వెళ్లినా అదే పేరు.

ఇంతకీ పిచ్చి ఏమిటంటే, ఆవిడ దేనికైనా సరే బాగుందని సంతకం పెట్టాలంటే, ముందు దాని మీదకి తను ఎక్కాలి. లిఫ్టు అయితే నిండా ఇసుక బస్తాలు వేయించి, వాటి మధ్య ఇరుక్కుని నిలబడాలి. క్రేను అయితే అది బరువెత్తినప్పుడు సరిగ్గా దాని కింద కుర్చీ వేసుకుని కూర్చోవాలి. బాయిలరైతే దాని పక్కన నిలబడి తీరిగ్గా టీ తాగాలి. ఆ తర్వాతే కాగితం, కలం. లెక్కలు చూసుకున్నావు, బోల్టులన్నీ సుత్తితో కొట్టి చెవి పెట్టి విన్నావు, ఇంకా ఈ విన్యాసాలెందుకే అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. లెక్క నాదే గదండీ, తప్పయితే ముందు నా మీదే పడాలి అంటుంది. ఇది పిచ్చి కాకపోతే మరేమిటో మీరే చెప్పండి.

పాపం, ఆ పిచ్చి ఎలా పట్టుకుందో కూడా చెప్పాలి. ఆవిడ కె. కోటపాడు దగ్గర చెరకు రైతు కూతురు. లెక్కల్లో ఎవరికీ అందేది కాదట. మెకానికల్‌లో సీటొచ్చింది. క్లాసు మొత్తానికి ఆడపిల్ల ఒక్కతే. లేతు మిషను దగ్గర పనిచేయాలంటే ఖాకీ ప్యాంటూ చొక్కా వేసుకోవాలన్నారు. ప్యాంటు వేసుకోవడానికి వాళ్ల నాన్న ఒప్పుకోలేదు, చదువు మానడానికి ఈవిడ ఒప్పుకోలేదు. చివరికి లంగా మీద ఖాకీ చొక్కా తొడిగి, జడని ముడి చుట్టి, ముడి మీద నాన్న తువ్వాలు బిగించి వెళ్లింది. నడుం వరకే పడిన ఆ ఫోటో మా ముందు గదిలో ఉంది. చూసినవాళ్లంతా ఈ కుర్రాడెవరని అడుగుతారు.

చదువయ్యాక పంచదార ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. యంత్రాల దగ్గరికి పంపకుండా డ్రాయింగు బల్ల ముందు కూర్చోబెట్టారు. గీసేది ఈవిడ, కింద సంతకం పెద్ద ఇంజనీరు గారిది. ఏళ్ల తరబడి అదే వరస. ఆ పెద్దాయన రిటైరైపోయి, కొత్తాయన వచ్చి, నువ్వే గీసి నువ్వే సంతకం పెట్టమ్మా అన్నాకగానీ ఆవిడ పేరు ఏ కాగితం మీదా పడలేదు. మొదటి సంతకం చెరకు దింపే క్రేను మీద. అప్పుడు కూలీలు అడ్డం తిరిగారు. ఆడమనిషి సంతకం పెట్టిన క్రేను కింద మేం పన్జెయ్యం బాబూ అని యార్డులో బైఠాయించారు.

 సూర్యకళ తిన్నగా, చెరకు లెక్కలు రాసే కేన్ సెక్షన్‌లోకి వచ్చింది. అక్కడ గుమాస్తాని నేను. నన్ను లేవమని, నా కుర్చీ పట్టుకుపోయింది. క్రేను కింద వేసుకుని కూర్చుంది. ఎత్తండి అంది. లారీడు చెరకు ఆవిడ నెత్తి మీద వేలాడుతోంది, ఆవిడ గ్లాసులో టీ ఊదుకుంటూ తాగుతోంది. యార్డంతా నోరు తెరుచుకుని చూస్తోంది. క్రేనుకి ఏమీ కాలేదు. నేను మూర్ఛపోయాను.

నవ్వకండి. నాకు బరువులన్నా భయమే, ఎత్తులన్నా భయమే. దాన్ని జాగ్రత్త అంటారు. కళ్లు తెరిచేసరికి ఆవిడ నా మొహం మీద నీళ్లు కొడుతూ, మోపు కింద ఉన్నది నేను గదా, మీకేటయింది అని అడుగుతోంది. ఆ మొహాన్ని అంత దగ్గరగా చూశాక నాకు రెండోసారి కళ్లు తిరిగాయి. మూణ్ణాలుగు నెలల్లో పెళ్లయింది. మా అమ్మ మరిడమ్మ, కోడలు ఇంజనీరంటే ఏమిటో తెలియక, కరెంటాఫీసులో పని కాబోలని ఊరంతా చెప్పింది. సూర్యకళ మొదటి జీతంతో ప్రెషర్ కుక్కర్ తెస్తే, పేలిపోద్దని అమ్మ వీధిలోకి పరుగెత్తింది. ఈవిడ పొయ్యి పక్కనే పీట వేసుకుని, అన్నం ఉడికేదాకా కుక్కర్‌ని ఒళ్లో పెట్టుకున్నంత దగ్గరగా కూర్చుంది. ఆ మర్నాటి నుంచీ అత్తాకోడళ్లు ఒకటి, నేను ఒకటి.

తర్వాత ఫ్యాక్టరీ వదిలేసి సొంతంగా తనిఖీలు మొదలుపెట్టింది. పరవాడ కంపెనీల్లో క్రేన్లు, రాంబిల్లి వైపు ఐసు ఫ్యాక్టరీలు, విశాఖపట్నంలో లిఫ్టులు. ఎక్కడికి వెళ్లినా ఫ్లాస్కూ సుత్తీ మోసుకుంటూ వెనక నేను. ఆవిడ ఎక్కుతుంది, నేను కింద నిలబడి తెలిసిన దేవుళ్లందరి పేర్లూ తలుచుకుంటాను. ఆవిడ దిగుతుంది, నేను ఫ్లాస్కు మూత తిప్పుతాను. ఇదీ మా కాపురం.

ఇన్నిట్లోకీ ఊరు బాగా గుర్తుపెట్టుకున్నది మాత్రం జెయింట్ వీల్. కొత్త అమావాస్యకి నూకాలమ్మ జాతర మొదలవుతుందా, మైదానంలో ధనరాజ్ వీల్ లేస్తుంది. దానికి ఇంజనీరు సంతకం ఉంటేగానీ పర్మిషన్ ఇవ్వరు. ఇంట్లో కూర్చునే సంతకం పెట్టేసే మహానుభావులు లేకపోలేదు. కానీ ధనరాజ్ మా ఇంటికే వస్తాడు, పెళ్లికి పిలిచినట్టు అరటిపళ్లూ తమలపాకులూ పట్టుకుని మరీ. ఎందుకంటే ఊరికి ఒక అలవాటైపోయింది. టిక్కెట్టు కొనేముందు తల్లులు అడుగుతారు, ఇంజనీరమ్మ ఎక్కిందా అని. ఎక్కి దిగిందంటేనే పిల్లల్ని ఎక్కిస్తారు. లేదంటే ఆ వీల్ ఖాళీగా తిరగాల్సిందే. మొదటి రోజు ఆవిడ ఎక్కడం చూడ్డానికే కంచె దగ్గర జనం మూగుతారు, ఈలలు వేస్తారు. డెబ్బై దాటిన మనిషికి ఈలలు వేయడమేమిటని నేను కసురుతాను. ఆవిడ పైనుంచి చెయ్యూపుతుంది.

ఈ ఏడు ధనరాజ్ పాతది అమ్మేసి కొత్త వీల్ తెచ్చాడు. కొత్తదంటే వాడికి కొత్త, ఎక్కడో ఎవరో తిప్పి వదిలేసిందే. కింద నిలబడి పైకొస చూడబోతే నా మెడ పట్టేసింది. దానికి తోడు పోయిన చలికాలం నుంచీ సూర్యకళకి తల తిరుగుతోంది. మంచం మీంచి లేస్తే గది గిర్రున తిరుగుతుందట. ఊరికే తిరుగుతుంటే ఇంక టిక్కెట్టెందుకండీ అని నవ్వేసింది. డాక్టరు చెవి లోపల తేడా అన్నాడు, మాత్రలిచ్చాడు. ఆ మాత్రలు వేసుకున్నానని నాకు చెప్పేది, వేసుకునేది కాదు. వేసుకుంటే నిద్రొస్తుందట, నిద్రొస్తే బోల్టు చప్పుడు సరిగ్గా వినపడదట. ఎవరితో చెప్పుకోను?

పరీక్ష రోజున అన్నీ పద్ధతి ప్రకారమే జరిగాయి. చక్రానికి ఒకవైపు, జనం కూర్చునే డబ్బాల్లోనే ఇసుక బస్తాలు వేయించింది, రెండోవైపు ఖాళీ. జనం వరసగా ఎక్కేటప్పుడు ఒకవైపు నిండి ఒకవైపు ఖాళీగా ఉంటుంది కదా, చక్రానికి అసలు కష్టం అప్పుడేనట. ఆ బరువు వైపే ఒక డబ్బాలో తను కూర్చుంది. చీర కొంగు బొడ్లో దోపి, ముడి మీద తువ్వాలు చుట్టి, తిరణాలకి వచ్చిన చిన్నపిల్లలా కాళ్లూపుకుంటూ పైకి వెళ్లింది. సగం పైకెళ్లాక చెయ్యెత్తింది. ధనరాజ్ బ్రేకు వేశాడు. చక్రం ఆగింది. ఆగి, ఏదో మరిచిపోయినట్టు, మెల్లగా వెనక్కి జారడం మొదలుపెట్టింది.

నా పైప్రాణాలు పైనే పోయాయి. చక్రం జర్రున కిందికొచ్చి, అవతలివైపు లేచి, మళ్లీ ఇవతలికి వచ్చి, ఉయ్యాలలా ఊగుతోంది. నేను ధనరాజ్‌ని తిట్టాను, వాళ్ల నాన్నని తిట్టాను, నూకాలమ్మని కూడా ఒక మాటన్నాను, తర్వాత లెంపలేసుకున్నాను. ఆవిడేం చేస్తోందంటే, నవ్వుతోంది. డబ్బా చువ్వ పట్టుకుని, పట్టుకోవలసిన దొంగ దొరికినట్టు, జారిందండీ, జారింది అని సంబరపడిపోతోంది. ఏం చెయ్యను నేను ఈ మనిషితో?

ఊగి ఊగి ఆగాక దిగింది. చక్రాన్ని ఒరుసుకుని ఆపే బ్రేకు లైనింగు నూనె తాగేసి జారుతోందనీ, మొత్తం మార్చాలనీ ధనరాజ్‌కి చెబుతూ చెబుతూ, మాట మధ్యలో ఆగి నా చొక్కా పట్టుకుంది. కళ్లు ఎటో పోయాయి. నేను గట్టిగా పొదివి పట్టుకున్నాను. ఆసుపత్రికి తీసుకెళితే డాక్టరు ఆవిడకి కాదు, నాకు పెట్టాడు చీవాట్లు. ఇకమీదట జెయింట్ వీల్ కాదు కదా, సామాన్లు దించడానికి స్టూలు కూడా ఎక్కకూడదన్నాడు. పరవాడ నుంచి కంపెనీ బస్సులో మా అమ్మాయి పావని దిగింది. అది అక్కడ మందుల కంపెనీలో పనిచేస్తుంది, నోరు మాత్రం వాళ్ల నాయనమ్మది. తల్లికీ తండ్రికీ కలిపి ఒకే విడతలో క్లాసు పీకింది.

ధనరాజ్ పాపం పరుగుల మీద కొత్త లైనింగు వేయించాడు. జాతర రేపనగా పొద్దున్నే మళ్లీ వెళ్లాం. పావని తల్లి రెక్క వదల్లేదు. సూర్యకళ సుత్తి పట్టుకుని అందినంత మేర ప్రతి బోల్టూ కొట్టి వింది. అందనివాటిని మనిషిని పైకెక్కించి కొట్టించి వింది. బస్తాలు వేసి తిప్పించింది, ఆపించింది. బ్రేకు వేసిన చోట చక్రం మేకు దిగేసినట్టు నిలబడింది. అంతా బాగుంది. ఇక మిగిలింది తను ఎక్కడం.

డబ్బా దగ్గరికి వెళ్లి మెట్టు మీద కాలు పెట్టింది. అలాగే కాసేపు నిలబడింది. కాలు వెనక్కి తీసేసింది. అక్కడే ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, సంతకం పెట్టకుండానే కాగితం ధనరాజ్ చేతిలో పెట్టేసింది.

"ఎక్కలేకపోతన్నాను ధనరాజూ. నేనెక్కని దాని మీద నా సంతకం ఉండదు. వేరేవాళ్లని చూసుకో. ఇంక నన్ను ఇంజనీరని ఎవరూ పిలవొద్దు, నా పని అయిపోయింది."

ధనరాజ్ ఏడుపు మొహం పెట్టాడు. పావని, మంచిదేనమ్మా, ఇన్నాళ్లూ చేసింది చాలు, రెస్టు తీసుకో అంది. సూర్యకళ అలాగేనన్నట్టు తలూపింది. వాదించలేదు. అది చూసి నాకు భయమేసింది. ఈ పిచ్చి ఎప్పుడు వదులుతుందా అని మొక్కని దేవుడు లేడు నేను. తీరా వదిలిన రోజున చూస్తే, కుర్చీలో ఎవరో ముసలావిడ కూర్చుని ఉంది. ఒళ్లో చేతులు పెట్టుకుని నేలచూపులు చూస్తోంది. ఈవిడెవరో నాకు తెలియదు. నాకీవిడ అక్కర్లేదు. నా సూర్యకళ నాకు కావాలి. ఒళ్లు మండిపోయింది నాకు, ఎవరి మీదో తెలియలేదు.

నేనెక్కుతానన్నాను.

పావని నా వైపు తిరిగి, నాన్నా, మేడ మీద వడియాలు తీసుకురమ్మంటేనే గోడ పట్టుకుని నడుస్తావు నువ్వు అంది. నీ పని నువ్వు చూసుకోమన్నాను. ధనరాజ్, మావా, సెక్రం సానా ఎత్తు, బాగా ఆలోసించుకో అన్నాడు. నీ సలహా అడగలేదన్నాను. సూర్యకళ మాత్రం తల కూడా ఎత్తలేదు.

"మీరెక్కితే ఏటి లాభమండీ? లెక్క నాది. తప్పయితే నా మీద పడాలి."

"నా మీద పడితే నీ మీద పడనట్టేనేటే?"

ఆవిడ తలెత్తింది.  నన్ను చూసింది. తర్వాత లేచింది. లేచి, ధనరాజ్ చేతిలోంచి కాగితం లాక్కుని పావనికిచ్చి, సుత్తి పట్టుకుని, అప్పటిదాకా బాగున్నాయన్న బోల్టులన్నీ మళ్లీ మొదటి నుంచీ కొట్టడం మొదలుపెట్టింది.

ఎంతసేపు కొట్టిందో చెప్పలేను. ధనరాజ్ టీ తాగి వచ్చాడు, మళ్లీ తాగి వచ్చాడు. కంచె దగ్గర జనం చేరిపోయారు. ఇంజనీరమ్మకి ఏమైందని ఒకరు, ముసలాయన ఎందుకు ఎక్కుతున్నాడని ఒకరు. ముసలాయనట. సూర్యకళ నన్ను డబ్బాలో కూర్చోబెట్టి అడ్డచువ్వ వేసింది, తీసింది, మళ్లీ వేసింది. పిన్ను లాగి చూసింది. నన్ను దింపేసి డబ్బా కింద దూరి చూసింది. మళ్లీ ఎక్కించింది. పావని నా బీపీ మాత్ర నా నోట్లో వేసింది. ఇక తిప్పండి, నాకు ధైర్యం అయిపోతోంది అన్నాను.

తిప్పారు.

ముందు కళ్లు మూసుకున్నాను. కడుపు కింద ఉండిపోయింది, నేను పైకి వెళుతున్నాను. నూకాలమ్మా, ఆ రోజు అన్న మాట మనసులో పెట్టుకోకు తల్లీ అనుకున్నాను. గాలి చల్లగా తగిలింది. సరే, చచ్చేముందు ఒకసారి చూద్దామని ఒక కన్ను తెరిచాను. అనకాపల్లి నా కాళ్ల కింద ఉంది. బెల్లం మార్కెట్టు రేకులు తళతళ మెరుస్తున్నాయి. శారదా నది అంటే ఎప్పుడూ వంతెన మీద ట్రాఫిక్కే నాకు. అది ఇంత వంపులు తిరుగుతుందని తెలియదు. చెరకు తోటలు, రైలు, హైవే మీద చీమల్లా లారీలు, దూరంగా పరవాడ పొగగొట్టాలు. రెండో కన్ను కూడా తెరిచాను.

తర్వాత నాకేమైందో నాకే తెలియదు. నవ్వొచ్చింది. కడుపులోంచి తన్నుకుంటూ వచ్చింది. కిందికి వస్తున్నప్పుడు కడుపులో చక్కిలిగింత పెట్టినట్టయితే కెవ్వున అరిచాను, భయంతో కాదు. కంచె దగ్గర ఈలలు. ఈసారి ఈలలు నాకు. పైకి వెళ్లినప్పుడల్లా నాకు తెలిసినవాళ్ల ఇళ్లన్నీ పేరుపేరునా పిలిచాను. ఇంత సుఖం ఇన్నేళ్లూ ఒక్కతే అనుభవించి, నాకు ఫ్లాస్కు అప్పగించిందన్నమాట. మోసం కాదూ ఇది?

సరిగ్గా పైకొసన చక్రం ఆగిపోయింది. బ్రేకు పరీక్ష. డబ్బా అటూ ఇటూ ఊగుతోంది. చువ్వ పట్టుకుని కిందికి చూశాను. కుర్చీ ఖాళీగా ఉంది. సూర్యకళ స్తంభాన్ని రెండు చేతులతో పట్టుకుని, తల పూర్తిగా వెనక్కి వంచి పైకి చూస్తోంది. తల ఎత్తితే కళ్లు తిరుగుతాయని డాక్టరు చెప్పాడు, ఎత్తొద్దన్నాడు. ఆవిడ బ్రేకుని చూడటం లేదు. బేరింగుని చూడటం లేదు. నన్నే చూస్తోంది. నేను చెయ్యూపాను. ఆవిడ ఊపలేదు. స్తంభం వదిలితే నేను పడిపోతానన్నట్టు అలాగే పట్టుకుని ఉంది.

చక్రం కదల్లేదు, జారలేదు. మెల్లగా నన్ను కిందికి దించారు.

దిగుతూనే, ఇంకో రౌండు తిప్పు ధనరాజూ అన్నాను. నోరు మూతపడటం లేదు. పావని ఏడుస్తూ నవ్వుతోంది. సూర్యకళ స్తంభం వదిలి నా దగ్గరికి వచ్చింది.  నా చెయ్యి పట్టుకుంది. బాయిలర్ల పక్కన టీ గ్లాసు తొణక్కుండా పట్టుకున్న చెయ్యి అది. చల్లగా చెమటలు పట్టి, గజగజ వణుకుతోంది.

"నేనెక్కిన ప్రతిసారీ కింద మీకిలాగే ఉండేదేటండీ?"

ఏదో వేళాకోళం చెయ్యబోయి మానేశాను. 

"ప్రతిసారీ," అన్నాను.

 ఆవిడ పెద్ద పెద్ద కళ్లలో నీళ్లు నిండాయి. మరెందుకు సెప్పలేదని అడుగుతుందనుకున్నాను, అడగలేదు. కుర్చీలో కూర్చుని కలం అడిగింది. పావని కాగితాన్ని అట్ట మీద పెట్టి పట్టుకుంది. చెయ్యి కుదుటపడేదాకా ఆగి, ఎప్పటిలాగే పూర్తి పేరు, పొల్లు పోకుండా, సంతకం పెట్టింది. పెడుతున్నంతసేపూ ఎడంచేత్తో నా చొక్కా పట్టుకునే ఉంది.